కొలిమి ధూళిలో జింకు, పని బట్టల మీద సీసం

విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లతో పాటు జింకు బిళ్లలు కూడా ఇస్తామని తల్లులకు తెలుసు. అదే జింకు మన ఇంటి రేకులకు, బకెట్లకు తుప్పు పట్టకుండా పూతగా ఉంటుంది. ఆ రేకు పాతబడి, పాత ఇనుము కొనేవారి చేతికి వెళ్లాక ఏమవుతుందో ఈసారి చెప్పుకుందాం.

తుక్కు ఇనుమును కరెంటు కొలిమిలో సుమారు 1600 డిగ్రీల వేడిమీద కరిగిస్తారు. జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది. అది ఆవిరై పొగతో పైకి లేచి, గాలి తగలగానే మెత్తని పొడిగా మారుతుంది. ఈ పొడిని పెద్ద పెద్ద గుడ్డ సంచుల్లో వడగడతారు. టన్ను ఉక్కుకు 10 నుండి 20 కిలోల ధూళి వస్తుంది. అందులో సీసం, కాడ్మియం కూడా ఉంటాయి. ఆరుబయట కుప్పపోస్తే వాననీటితో అవి నేలలోకి దిగుతాయి. అందుకే అమెరికా ప్రభుత్వం 1980లో దీనిని ప్రమాదకర వ్యర్థంగా ప్రకటించింది.

అయితే ఈ ధూళిలో జింకు ఒక్కోసారి 20 శాతం పైనే ఉంటుంది. చాలా గనుల రాయిలో అంత ఉండదు! అందుకని పారవేయకుండా దానికి కోక్ బొగ్గు కలిపి, వాలుగా అమర్చిన పొడవాటి గొట్టంలాంటి కొలిమిలో మెల్లగా తిప్పుతూ సుమారు 1200 డిగ్రీల వరకు కాలుస్తారు. బొగ్గు ప్రాణవాయువును లాగేసుకుంటుంది, జింకు మళ్లీ ఆవిరై పోతుంది, ఇనుము చిట్టెంలో మిగిలిపోతుంది. ఆ ఆవిరిని పొడిగా పట్టుకుని జింకు తయారుచేసే ఫ్యాక్టరీలకు పంపుతారు. సీసం కూడా చాలావరకు ఆ పొడిలోకే వస్తుంది గనుక దానిని తరువాత వేరుచేయాలి.

ఇది మంచి పనే. కానీ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని పామర్టన్ అనే ఊరు చెబుతుంది. 1898 నుండి 1980 వరకు అక్కడ ఖనిజం కాల్చి జింకు తీశారు. ఆ పొగకు పక్క కొండమీద సుమారు 2000 ఎకరాల్లో చెట్లు చచ్చిపోయాయి. ఇళ్ల పెరళ్ల మట్టిలో సీసం తేలింది. ఉక్కు ధూళి నుండి జింకు తీసే కొలుములు తరువాత ఆ ఊళ్లోనే వచ్చాయి.

మా బెంగ పిల్లల గురించి. తండ్రి పని బట్టల మీద, జుట్టులో వచ్చిన ధూళి ఇంట్లో నేలమీద పడుతుంది, పాకే పిల్లవాడి నోట్లోకి వెళ్తుంది. పిల్లల కడుపు పెద్దల కడుపుకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత రావచ్చు. చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించకుండానే చదువు మందగిస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే మోతాదు సీసానికి లేదు.

కనుక ఫర్నేసులో గాని, తుక్కు దుకాణంలో గాని పనిచేసేవారు అక్కడే స్నానంచేసి, బట్టలు మార్చుకుని రండి. పని బట్టలు విడిగా ఉతకండి. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. జింకు పొగ పీల్చిన రోజు సాయంత్రం చలిజ్వరం రావచ్చు. చాలామంది మలేరియా అనుకుంటారు. ఓ.పి.కి వచ్చినప్పుడు మేము అడగకపోయినా మీ పని ఏమిటో డాక్టరుగారికి చెప్పండి. సీసం ఉన్నదీ లేనిదీ రక్తపరీక్షలో తెలుస్తుంది.