స్క్రూడ్రైవర్‌కు చెవి ఆనిస్తే

సూర్యాపేట హైవే పక్కన షెడ్డులో బానెట్ ఎత్తగానే పాత మెకానిక్ పానా అందుకోడు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, మొనను తిరుగుతున్న ఇంజన్‌కు, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనిస్తాడు. ట్యాపెట్ కవర్ మీద ఒకసారి, ఆల్టర్నేటర్ మీద ఒకసారి, కింద ఆయిల్ చాంబర్ దగ్గర మరోసారి. గాలిలో కలగలిసిపోయే చప్పుళ్లు ఇనుములో దేనికది చెవికి చేరతాయి.

కరెంటు మోటార్లు రాకముందు మన పొలాల్లో లిస్టర్ తరహా ఆయిల్ ఇంజన్లు ఉండేవి. ఆ నమూనా పుట్టింది ఇంగ్లండ్‌లో, 1929 ప్రాంతంలో. తర్వాత రాజ్‌కోట్‌లో విరివిగా తయారయ్యాయి. నిమిషానికి 650 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకోసారి మండుతుంది కనుక, సెకనుకు అయిదారు దెబ్బలు. అందుకే దాని డుగ్ డుగ్‌ను పిల్లలు కూడా లెక్కపెట్టగలిగేవారు. కోదాడ వైపు 3000 చుట్ల మీద పరుగెత్తే నాలుగు సిలిండర్ల కారులో సెకనుకు 100 సార్లు మండుతుంది. అంత వేగాన్ని చెవి విడదీయలేదు, ఒకే హోరుగా వింటుంది. రోగం ఆ హోరులో దాక్కుంటుంది.

కాబట్టి బండిని నిలిపి, స్లోలో వినాలి. వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్ట్, క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది. 800 చుట్ల మీద ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది. పై నుంచి సన్నగా, ఆ సగం లయలో టిక్ టిక్ వస్తే ట్యాపెట్ సందు పెరిగిందనో, ఆయిల్ పైకి అందడం లేదనో అనుమానించాలి. కింద నుంచి బరువుగా, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగే దడదడ అయితే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ వైపు చూడాలి.

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం ఎత్తుకెళ్లే పాత డీజిల్ లారీలకు ఇంకో పరీక్ష ఉంది. ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును కాస్త వదులు చేస్తారు. ఆ సిలిండర్ మండడం ఆగుతుంది. ఏ నట్టు వదిలినప్పుడు దడ తగ్గితే లోపం ఆ సిలిండర్‌లోనే. నాకు ఇది ఎంతో అందమైన ప్రయోగం. ఒక్కదాన్ని ఆపి, మిగతావన్నీ అలాగే ఉంచి వినడం. అయితే కొత్త కామన్ రైల్ బండ్లలో ఆ పని అస్సలు చేయకూడదు. ఆ పైపుల్లో ఒత్తిడి చర్మాన్ని చీల్చగలదు.

ఏ భాగమూ అరగకుండానే వచ్చే చప్పుడు కూడా ఒకటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోల్ కారులో గోలీలు దొర్లినట్టు వినిపించే నాకింగ్. స్పార్క్ ముట్టించిన మంట ఇంకా చేరకముందే, మూలన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బకు సిలిండర్‌లోని వాయువు గంటలా మోగుతుంది, సెకనుకు దాదాపు ఆరేడు వేల కంపనాలు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ దీన్ని ఆపడానికి పెట్రోల్‌లో సీసం కలిపాడు. ఇంజన్ ఊరుకుంది, విషం మాత్రం ఊపిరితిత్తుల్లోకి చేరింది. మన దేశంలో ఆ పెట్రోల్ అమ్మకం 2000లో ఆగింది.

నేటి చాలా కార్లలో ఇంజన్ బ్లాకుకు బిగించిన చిన్న సెన్సర్ ఆ మోతను పసిగట్టి, స్పార్క్‌ను కాస్త వెనక్కి జరుపుతుంది. బేరింగ్ దడకు అలాంటి సర్దుబాటు లేదు. ఆయిల్ లైటు కూడా వెలిగితే, కోదాడ ఎంతో దూరం లేదు కదా అనుకోకండి. అక్కడే ఇంజన్ ఆపి, బండిని కట్టి లాగించండి.