హాయిస్టు వద్ద చేతులు జాగ్రత్త

పాల పరిశ్రమలో ప్రమాదం అనగానే మన సంఘాలవారికి గేదె పొడవడమో, క్యాన్ల లారీ బోల్తాపడడమో గుర్తుకు వస్తుంది. కాని మన పాలు చేరే డెయిరీలలోను, మన పశువులకు దాణా తయారయ్యే కర్మాగారాలలోను కరెంటుతో బరువులెత్తే హాయిస్టులు ఉన్నాయి. వాటివద్ద పనిచేసేవారిలో మన సభ్యుల ఇళ్ళవారు కూడ ఉన్నారు.

కొన్నేళ్ళ క్రిందట మేము లెక్కలు తనిఖీ చేసిన ఒక దాణా కర్మాగారంలో గుళికల యంత్రానికి డై మారుస్తున్నారు. ఆ చిల్లుల ఉక్కు వలయం ఒక మనిషి ఎత్తగల బరువు కాదు. దానికి గొలుసు చుట్టి హాయిస్టు కొక్కేనికి తగిలించారు. ఒకరు బటన్ నొక్కుతుండగా మరొకరు గొలుసు జారకుండ చేత్తో పట్టుకున్నారు. గొలుసు బిగియగానే ఆపమని కేక వేశారు. బటన్ మీద వ్రేలు తీసినా అది వెనుకకు రాలేదు. కొక్కెం పైకి పోతూనే ఉన్నది. గొలుసుకు, డైకి మధ్య చిక్కి ఆ కార్మికుని కుడిచేతి బొటనవ్రేలు పోయింది. ఆయన ఇంటివద్ద రెండు గేదెలు పెట్టుకొని సంఘానికి పాలు పోసే సభ్యుడు. బొటనవ్రేలు లేని చేతితో గేదెను పితకడం ఎంత కష్టమో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

బటన్ పెట్టె పట్టేస్తున్నదని, మార్చాలని కర్మాగారంవారు అంతకుముందే అంచనా వేశారు. అది అత్యవసరం కాదని, వచ్చే సంవత్సరం చూడవచ్చునని తనిఖీ నివేదికలో వ్రాసినది మేమే. ఆ మిగులును పొదుపు అనుకున్నాము.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం, బొటనవ్రేలు పూర్తిగా పోతే సంపాదనాశక్తిలో 30 శాతం, ఒక చేతి నాలుగు వ్రేళ్ళూ పోతే 50 శాతం పోయినట్లు లెక్క కట్టింది.

బరువు తెగిపడితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. చేతులకు అసలు ముప్పు బరువు కదలబోయే మొదటి క్షణంలోను, నేలకు ఆనే చివరి క్షణంలోను ఉన్నది. చేత్తో లాగే కప్పీలో ఏదైనా అడ్డం పడితే లాగేవాని చేతికే తెలుస్తుంది. కరెంటు మోటారుకు అది తెలియదు. అందువలన ఈ క్రింది నియమాలు పాటించాలి.

1. గొలుసు వదులు తీరేవరకే ఎత్తి ఆపాలి. చేతులు తీసి, దూరం జరిగిన తరువాతనే పైకెత్తాలి.

2. ఊగే బరువును చేత్తో ఆపరాదు. తాడు కట్టి త్రిప్పాలి. దింపేచోట దిమ్మలు ముందే అమర్చాలి.

3. యంత్రాల మోతలో కేకలు వినబడవు. ఎత్తడానికి, దించడానికి చేతిసైగ ఒక్కరే చేయాలి. ఆపమనే సైగ ఎవరు చేసినా ఆపాలి.

4. ఉంగరాలు, వదులైన గ్లవ్సు పనికిరావు. అవి గొలుసు చక్రంలో చిక్కి చేతిని లాగుతాయి.

5. ప్రతి షిఫ్టుకు ముందు బరువు లేకుండ నడిపి చూడాలి. బటన్ వదలగానే ఆగాలి, కొక్కెం పై హద్దువద్ద తానే ఆగాలి, కొక్కెపు నాలుక మూసుకోవాలి. లోపముంటే మెయిన్ ఆపి బోర్డు తగిలించాలి.

వ్రేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. తెగిన భాగాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుపై ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వ్రేలికి మంచు నేరుగా తగలరాదు.

బరువులెత్తే యంత్రాలను, గొలుసులను 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన వ్యక్తి చేత పరీక్ష చేయించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను విధించింది. చట్టాలు మారినా ఈ అలవాటు మానరాదు. బడ్జెటు చర్చకు వచ్చినప్పుడు పాలకవర్గ సభ్యులు ఈ ఖర్చుకు కోత పెట్టవద్దని మా మనవి. ఇకమీదట మా తనిఖీలో నగదు పుస్తకంతో పాటు హాయిస్టు పరీక్షల పుస్తకం కూడ చూపమని అడుగుతాము.