మాసిపోని సాక్ష్యము
పాత హత్యకేసులు, డి.ఎన్.ఏ. పరీక్ష, పంచాయతీ సభ్యుల బాధ్యత

ఇంటిలో జొరబడి చేసిన హత్యను రుజువు చేయుట మిక్కిలి కష్టము. అది రాత్రివేళ నలుగురు చూడని చోట జరుగును. చూచినవారు తరచు ప్రాణములతో మిగులరు. ఏండ్లు గడచినకొలది తెలిసినవారు చనిపోవుదురు, అధికారులు మారిపోవుదురు, కేసు కాగితములు బీరువాలో అడుగున పడిపోవును. అయినను హత్యానేరమునకు కాలదోషము పట్టదు. 30, 40 ఏండ్ల తరువాతనైనను హంతకుని న్యాయస్థానమున నిలుపవచ్చునని డి.ఎన్.ఏ. పరీక్ష నిరూపించినది. అయితే ఆనాడు నేరస్థలమున దొరికిన ఆధారమును ఎవరో ఒకరు జాగ్రత్తపరచి యుండవలెను. గ్రామములలో పోలీసులకంటె ముందుగా అచ్చటికి చేరువారు సాధారణముగా ఇరుగుపొరుగువారు, పంచాయతీ పెద్దలు. కావున ఈ పరీక్షను గూర్చి సభ్యులందరు తెలిసికొనుట అవసరము.

డి.ఎన్.ఏ. అనగా నేమి?

మన శరీరము లెక్కలేనన్ని సూక్ష్మ కణములతో ఏర్పడినది. కణముల లోపల డి.ఎన్.ఏ. అను సన్నని దారము వంటి పదార్థము కలదు. రక్తము, ఉమ్మి, వీర్యము, చర్మపు పొట్టు, వెంట్రుక కుదురు, వీనినుండి దీనిని వేరుచేయవచ్చును. ఇది నాలుగే అక్షరములతో వ్రాసిన పెద్ద గ్రంథము వంటిది. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి మనకు సంక్రమించును. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరము లుండును.

ఈ గ్రంథము మనుష్యులందరికి దాదాపు ఒక్కటే. కాని కొన్ని స్థానములలో చిన్న అక్షరముల గుంపు మరల మరల వచ్చుచుండును. అది ఒకనికి 8 మారులు వచ్చిన, మరియొకనికి 11 మారులు వచ్చును. ఇట్టి స్థానములు 15 లేక 20 కలిపి పరిశీలించినచో, ఏకరూప కవలలకు తప్ప, ఇద్దరు మనుష్యులకు అన్నియు సరిపోవుట దాదాపు అసంభవము.

ఈ భేదముల ద్వారా మనిషిని గుర్తింపవచ్చునని 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయమున ఆలెక్ జెఫ్రీస్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఆ ప్రాంతపు గ్రామములలో 1983లోను, 1986లోను ఇద్దరు బాలికలు హత్యకు గురియైరి. ఒక హత్యను తానే చేసితినని 17 ఏండ్ల యువకు డొకడు ఒప్పుకొనెను. కాని పరీక్షలో అతడు నిర్దోషి యని తేలినది. ఈ విద్య హత్యకేసులో మొదట చేసిన పని నిర్దోషిని విడిపించుట. అసలు హంతకునికి 1988లో శిక్ష పడెను.

కాలిఫోర్నియాలో జరిగినది

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1970 నుండి 1990 వరకు గల కాలములో జరిగిన నేరములు ఈ విషయమున ముఖ్యముగా గమనింపదగినవి. శాక్రమెంటో పరిసరములలో 1976 మొదలుకొని ఒక దుర్మార్గుడు ముసుగు ధరించి రాత్రులందు ఇండ్లలో ప్రవేశించి, నిద్రించుచున్నవారిని కట్టివేసి, స్త్రీలపై అత్యాచారములు సాగించెను. అట్టివి సుమారు 50 జరిగినవి. 1979 చివరినుండి ఆ రాష్ట్రపు దక్షిణ భాగమున దంపతులను, స్త్రీలను వారి ఇండ్లలోనే చంపుట ప్రారంభమైనది. 1986 తరువాత ఆ నేరములు ఆగిపోయినవి. ఉత్తరమున అత్యాచారములు చేసినవాడును, దక్షిణమున హత్యలు చేసినవాడును ఒక్కడే యని 2001లో డి.ఎన్.ఏ. పరీక్ష తేల్చెను. కాని ఆతడెవడో తెలియలేదు. శిక్షపడిన నేరస్థుల డి.ఎన్.ఏ. పట్టికలలో ఆతని వివరములు లేవు.

1980 మార్చిలో వెంచురా పట్టణమున దంపతు లొకరు తమ ఇంటిలో హత్యకు గురియైరి. శవపరీక్ష చేసిన వైద్యుడు ఒక నమూనాతో సరిపెట్టుకొనక, రెండవ నమూనాను గూడ తీసి శీతలపేటికలో భద్రపరచెను. అప్పటికి డి.ఎన్.ఏ. ద్వారా మనిషిని గుర్తించు విద్య ఇంకను పుట్టలేదు. ఆ నమూనా ఎప్పటికి ఉపయోగపడునో ఆ వైద్యునికి తెలియదు. తన పనిని నియమము ప్రకారము, కొంత అధికముగా, చేసినాడంతే. దాదాపు 38 ఏండ్ల తరువాత ఆ నమూనాయే కేసును పరిష్కరించినది.

వంశవృక్షము చూపిన దారి

అమెరికాలో అనేకులు తమ పూర్వులను, దూరపు బంధువులను తెలిసికొనుటకై తమ డి.ఎన్.ఏ. వివరములను ప్రత్యేక సంస్థలకు ఇచ్చుచుందురు. పరిశోధకులు హంతకుని డి.ఎన్.ఏ.ను ఆ వివరములతో పోల్చిరి. హంతకుడు దొరకలేదు గాని ఆతని దూరపు బంధువులు దొరకిరి.

దీని సూత్రము తేలికయైనది. తోడబుట్టినవారికి డి.ఎన్.ఏ.లో సుమారు సగము ఉమ్మడిగా నుండును. పెదతండ్రి, పినతండ్రి బిడ్డలకు సుమారు ఎనిమిదవ వంతు ఉండును. తరములు దూరమైనకొలది ఈ భాగము తగ్గిపోవును. ఎంత భాగము కలిసెనో చూచి, ఎన్ని తరముల వెనుక ఒకే మూలపురుషుడు ఉండునో అంచనా కట్టవచ్చును. పెండ్లి సంబంధము మాటలాడునపుడు మన పెద్దలు ఇంటిపేరు, మేనరికము అడిగి చుట్టరికము తేల్చినట్లే, వారు జనన మరణ లెక్కలు, జనాభా పత్రములు, పాత పత్రికలు వెదకి వంశవృక్షములను నిర్మించిరి. పిదప వయస్సు, నివాసము, నేరములు జరిగిన కాలము సరిపోనివారిని ఒక్కొక్కరినే తొలగించుచు వచ్చిరి.

చివరకు జోసెఫ్ జేమ్స్ డి ఏంజలో అను వృద్ధునిపై అనుమానము నిలిచినది. ఆతడు పూర్వము పోలీసు ఉద్యోగి. 1979లో ఒక దుకాణమున సుత్తిని, కుక్కలను తరిమెడు మందును దొంగిలించి పట్టుబడి ఉద్యోగము పోగొట్టుకొనెను. అయినను వంశవృక్షము కేవలము దారి చూపును, నేరమును రుజువు చేయదు. కావున 2018 ఏప్రిల్‌లో పోలీసులు ఆతని కారు తలుపు పిడినుండి, ఆతడు పారవేసిన చెత్తనుండి నమూనాలు సేకరించి సూటిగా పోల్చిరి. అవి హంతకుని డి.ఎన్.ఏ.తో సరిపోయినవి. ఏప్రిల్ 24న ఆతనిని నిర్బంధించిరి. అప్పటికి ఆతని వయస్సు 72. 2020 జూన్‌లో 13 హత్యలను ఆతడు ఒప్పుకొనెను. ఆగస్టు 21న మరణించువరకు విడుదల లేని కారాగారశిక్ష విధింపబడినది. తీర్పునకు ముందు బాధితులు, మృతుల బంధువులు న్యాయస్థానమున నిలిచి, ఆతని యెదుటనే తమ గోడును వినిపించిరి. అనేకులకు 40 ఏండ్లు దాటిన నిరీక్షణ అది.

పొరపాట్లు లేవా?

ఈ పరీక్ష మిక్కిలి శక్తిగలదే గాని దీనికిని హద్దులు కలవు. ఒక చోట ఒకని డి.ఎన్.ఏ. దొరకినచో ఆతని శరీరమునకు సంబంధించినదేదో అచ్చటికి చేరినదని మాత్రమే అర్థము. ఎప్పుడు చేరెను, ఎట్లు చేరెను అనునవి ఇతర సాక్ష్యముతో తేలవలెను. డి ఏంజలో కేసులోనే, 2017లో ఓరెగాన్ రాష్ట్రమునందలి ఒక వృద్ధుని అనుమానించి నమూనా తీసికొనిరి. పూర్తి పరీక్షలో ఆయన నిర్దోషియని తెలిసినది. ఒకరి డి.ఎన్.ఏ. వారి బంధువుల రహస్యములను గూడ బయటపెట్టును గనుక, దానిని పోలీసులు వాడుటకు ఎంతవరకు అనుమతింపవలెనను చర్చ అమెరికాలో సాగినది. అట్టి సంస్థలలో ఒకటి 2019 నుండి, సమ్మతించినవారి వివరములను మాత్రమే పోలీసులకు చూపు నియమమును పెట్టినది.

మన దేశమున ఈ విద్యను నెలకొల్పినది హైదరాబాదు నగరము. అచ్చటి సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున డాక్టరు లాల్జీ సింగ్ దీనిని అభివృద్ధి చేసిరి. 1996 జనవరిలో ఢిల్లీలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని తన ఇంటిలోనే హత్యకు గురియైనపుడు నమూనాలను పరీక్షించినది హైదరాబాదులోనే. 1999లో విచారణ న్యాయస్థానము ఆ డి.ఎన్.ఏ. సాక్ష్యమును నమ్మక నిందితుని విడుదల చేసెను. 2006లో ఢిల్లీ హైకోర్టు దానిని అంగీకరించి ఆతనిని దోషిగా నిర్ణయించెను. 2010లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును స్థిరపరచి, మరణశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చెను. నమూనా ఎవరి చేతినుండి ఎవరి చేతికి వెళ్ళెనో, ముద్ర చెదరక యుండెనో లేదో యను సందేహమునకు తావున్నచో, ఎంత గొప్ప పరీక్షయైనను న్యాయస్థానమున నిలుచుట కష్టము.

పంచాయతీ సభ్యులు చేయవలసినది

2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. గ్రామములో అనుమానాస్పద మరణము సంభవించినచో వెంటనే పోలీసులకు గాని మేజిస్ట్రేటునకు గాని తెలుపవలసిన బాధ్యత గలవారిలో పంచాయతీ సభ్యులను 34వ సెక్షను ప్రత్యేకముగా పేర్కొన్నది. 7 ఏండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణులు స్థలమునకు వచ్చి ఆధారములు సేకరించు ఏర్పాటును 5 ఏండ్లలోగా రాష్ట్రములు అమలుపరుపవలెనని 176వ సెక్షను నిర్దేశించుచున్నది. నిపుణుడు వచ్చువరకు ఆధారము మిగిలి యుండవలెను గదా! కావున సభ్యులు ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను.

1. గాయపడినవారు ప్రాణముతో నున్నచో వారిని ఆసుపత్రికి చేర్చుటయే మొదటి కర్తవ్యము. ఆధారముల సంగతి తరువాతిది.

2. 112 నంబరునకు ఫోను చేసి, వేళను వ్రాసికొనవలెను.

3. ఇంటి వాకిట ఇద్దరిని నిలిపి ఎవరిని లోనికి పోనీయరాదు. అంతకుముందు లోనికి వెళ్ళినవారి పేర్లు వ్రాసి పోలీసులకు ఈయవలెను. వారి డి.ఎన్.ఏ. అచ్చట దొరకినచో కారణము తెలియును.

4. మైల యని ఇల్లు కడుగుట, శవమునకు స్నానము చేయించుట, బట్టలు ఉదుకుట, పక్క తగులబెట్టుట చేయరాదు. పోలీసులు అనుమతించువరకు దహనమునకు తొందరపడరాదు.

5. కత్తి, గ్లాసు, బీడీముక్క, త్రాడు వంటివానిని ముట్టరాదు. వానిని తీయుట పోలీసుల పని. రక్తముతో తడిసిన బట్టను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టినచో తేమవలన డి.ఎన్.ఏ. చెడిపోవును. దానిని ఆరనిచ్చి కాగితపు కవరులో ఉంచుట నిపుణుల పద్ధతి.

6. పంచనామాకు సాక్షిగా పిలిచినపుడు సంతకముతో సరిపెట్టరాదు. ఏ వస్తువు ఎచ్చట దొరకినదో, ముద్ర ఎట్లు వేసిరో స్వయముగా చూచి, చదివి, తరువాత సంతకము చేయవలెను.

7. హత్యను రచ్చబండ వద్ద రాజీ చేయుటకు ఎవరికిని అధికారము లేదు. అనుమానము మీద ఒకనిని కట్టి కొట్టుటయు నేరమే. నిర్దోషి యొప్పుకోలు ఎంత సులభముగా వచ్చునో ఇంగ్లండు గ్రామముల ఉదంతము తెలుపుచున్నది.

వెంచురాలో ఆ వైద్యుడు 1980లో రెండవ నమూనాను తీయకున్నను నాడు తప్పుపట్టువారు లేరు. తీసినందువలన ఎన్నో కుటుంబములకు హంతకుడెవడో తెలిసినది. మన గ్రామములో ఒక రాత్రి ఒక ఇంటి తలుపు దగ్గర ఇద్దరిని కాపలా ఉంచుట చిన్న పనిగా తోచవచ్చును. నిజము బయటపడుట, నిర్దోషి తప్పించుకొనుట, రెండును ఆ చిన్న పనిపై ఆధారపడియుండునని సభ్యులు మరువరాదు.