మెదడు కణాల మాట తప్పితే



మల్లట్, సిరవార, మాన్వి వైపు ఊళ్లలోనూ, తుంగభద్ర ఎడమ కాలువ కింద వెలిసిన క్యాంపుల్లోనూ, ఇటు గద్వాల, కర్నూలు పల్లెల్లోనూ మనం తరచుగా వినే మాట ఒకటుంది. "అది వాళ్ల వంశంలోనే ఉంది" అంటాం. ముక్కు తీరు గురించి అంటే ఫరవాలేదు. జబ్బు గురించి అంటే మాత్రం ఆ మాట ఆ ఇంటి పిల్లల పెళ్లిళ్ల దాకా పోతుంది. అలాంటి జబ్బు ఒకదాన్ని గురించి ఈరోజు తెలుసుకుందాం.

దాని పేరు హంటింగ్టన్ జబ్బు. 1872లో జార్జి హంటింగ్టన్ అనే అమెరికా వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు. ఆయన తండ్రి, తాత కూడా వైద్యులే. ఒకే ప్రాంతంలోని కుటుంబాలను మూడు తరాలుగా చూశారు కాబట్టి, జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతున్నదని గుర్తించగలిగారు. ఇది అరుదైన జబ్బు. చేయి వణికిన ప్రతివారికీ ఇదే అనుకోకండి.

ఇది ఎక్కువగా ముప్పై, యాభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. మొదట కోపం, దిగులు, మతిమరుపు కనిపించవచ్చు. తర్వాత చేతులు, కాళ్లు, ముఖం వాటంతటవే కదులుతాయి. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసినవాళ్లు తాగుడు మరిగాడంటారు, లేదా గాలి సోకిందంటారు. మందు ముట్టని మనిషికి తాగుబోతు అన్న పేరు రావడం కంటే కష్టం ఏముంటుంది?

ఇంతకీ లోపల జరుగుతున్నదేమిటి? కన్నడంలో 'నర' అన్నా, తెలుగులో 'నరం' అన్నా మనకు తీగలాంటిదే గుర్తుకొస్తుంది. కాని మెదడులో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. విద్యుత్తు రూపంలో వచ్చిన వార్త ఆ సందు దగ్గర ఆగుతుంది. అక్కడ మొదటి కణం గ్లుటమేటు వంటి రసాయనాన్ని విడుస్తుంది. అవతలి కణం మీద ఉన్న చిన్న తలుపులు దాన్ని పట్టుకుని తెరుచుకుంటాయి. వార్త చేరిందన్నమాట. పని అయిపోగానే పక్కనున్న సహాయక కణాలు మిగిలిన గ్లుటమేటును పీల్చేసుకుంటాయి.

వరి మడి ఎలాగో ఇదీ అలాగే. తూము తెరిస్తే నీరు రావాలి, మడి తడిశాక మిగులు నీరు బయటికి పోవాలి. పైరు మునిగేంత నీరు రోజుల తరబడి నిలిచిపోతే అది కుళ్లుతుంది.

ఈ ఏర్పాటు చెడడానికి మూలం నాలుగో క్రోమోజోములోని ఒక జన్యువు. 1993లో శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టారు. జన్యువు అంటే నాలుగే అక్షరాలతో రాసిన పాఠం అనుకోండి. ఈ జన్యువులో సి, ఎ, జి అనే మూడక్షరాల ముక్క వరుసగా మళ్లీ మళ్లీ వస్తుంది. 26 సార్ల వరకు వస్తే మామూలే. 36 నుంచి 39 అయితే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన అయితే నిండు ఆయుష్షు బతికినవారికి జబ్బు తప్పదు. ఆ సంఖ్య పెరిగినకొద్దీ జబ్బు చిన్న వయసులోనే మొదలయ్యే అవకాశం ఎక్కువ.

తప్పు పాఠం నుంచి తయారయ్యే మాంసకృత్తు కూడా వంకరే. దాని వల్ల సహాయక కణాలు గ్లుటమేటును సరిగా పీల్చలేవు. అవతలి కణం తలుపులు అతిగా స్పందిస్తాయి. కాల్షియం లోపలికి మితిమీరి చొరబడి, కణానికి శక్తినిచ్చే భాగాలను అలసటకు గురిచేస్తుంది. పైగా మెదడు పైపొర నుంచి లోపలి కణాలకు అందే పోషక పదార్థం తగ్గుతుంది. ఒకవైపు ముంపు, ఇంకోవైపు ఎరువు కరువు. ఎక్కువగా దెబ్బతినేవి మెదడు లోపల కదలికలకు పగ్గం వేసే కణాలు. పగ్గం తెగితే ఎద్దు తన ఇష్టం వచ్చినట్టు పోయినట్టే, చేతులూ కాళ్లూ అదుపు తప్పుతాయి.

ఇక వంశం సంగతి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యువు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా లేదు. మన వైపు మేనరికాలు ఎక్కువ. మేనరికం వల్ల పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి. ఇది రావడానికి మేనరికం అక్కర్లేదు, ఒక్కవైపు నుంచి వస్తే చాలు. తప్పు జన్యువు రాని బిడ్డ తన పిల్లలకు దాన్ని ఇవ్వలేడు. కనుక వంశమంతటినీ వెలివేయడం అన్యాయం. కోడలు అడుగుపెట్టిన వేళను తిట్టడం అంతకన్నా అన్యాయం.

జన్యువు ఉందో లేదో రక్తపరీక్షతో తెలుస్తుంది. అయితే జబ్బు లక్షణాలు లేనివారికి పరీక్ష చేయించాలా వద్దా అన్నది ఎదిగిన మనిషి సొంత నిర్ణయం. పెళ్లి సంబంధం కోసం బలవంతపెట్టకూడదు. లక్షణాలు లేని చిన్నపిల్లలకు చేయించరు. పరీక్షకు ముందూ తర్వాతా జన్యు సలహాదారుతో మాట్లాడాలి. బెంగళూరులో 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ ఉంది. మనకు దగ్గరైన హైదరాబాదులో నిమ్స్ ఉంది. పేర్లు దగ్గరగా ఉన్నా ఊళ్లు వేరు, రైలెక్కే ముందు చూసుకోండి. ముందుగా రాయచూరు రిమ్స్‌లో చూపించుకుని చీటీ రాయించుకోవడం మంచిది.

జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. పరిశోధనలు సాగుతున్నాయి. టెట్రాబెనజీన్ అనే మందు డోపమీను అనే మరో వార్తాహర రసాయనాన్ని తగ్గించి, కదలికలను కొంత అదుపు చేస్తుంది. దానివల్ల దిగులు పెరగవచ్చు కాబట్టి డాక్టరు చెప్పకుండా వాడకండి. దిగులుకు, కోపానికి వేరే మందులున్నాయి. చచ్చిపోవాలని ఉందని రోగి అంటే మాటవరసకు అన్నాడనుకోవద్దు, ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యునికి చూపించండి.

ఇంట్లో చేయగలిగినవి చాలా ఉన్నాయి. మింగడం కష్టమైతే నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపిన అన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. ఒళ్లు తరిగిపోకుండా తరచుగా తినిపించండి. నడిచే దారిలో గడపలు, చెంబులు, తాళ్లు అడ్డు రాకుండా చూడండి. ప్రశ్న అడిగాక జవాబుకు కాస్త ఆగండి. మనిషి మొండికేయడం లేదు, లోపల వార్త చేరడానికి ఆలస్యమవుతున్నది.

మీ ఊళ్లో ఎవరైనా తూలుతూ నడుస్తుంటే తాగాడని తీర్మానించే ముందు, డాక్టరుకు చూపించారా అని ఒక్కసారి అడగండి. ఆ ఇంటికి అదే పెద్ద సాయం.

సెలవు.