కోమా నుంచి పచ్చ జెర్సీ దాకా.. ఫాబియో యాకబ్సన్

సైకిల్ రేసులో స్ప్రింటర్ అసలు పని చివరి 200 మీటర్లలోనే. అప్పటిదాకా టీమ్ వాళ్ల వెనకాల గాలి తగలకుండా వచ్చి, ఒక్కసారిగా దూసుకెళ్లాలి. నెదర్లాండ్స్ రైడర్ ఫాబియో యాకబ్సన్ పని అదే.

2020 ఆగస్టు 5, టూర్ ఆఫ్ పోలండ్ మొదటి స్టేజ్. కటోవిట్సెలో ముగింపు దారి పల్లం, వేగం గంటకు 80 కిలోమీటర్ల దగ్గర. తోటి డచ్ రైడర్ డిలన్ గ్రోనెవెగెన్ పక్కకు జరగడంతో యాకబ్సన్ వెళ్లి బారికేడ్లలో పడ్డాడు. గెలుపు అతనికే ఇచ్చారు గానీ, తెలుసుకునే స్థితిలో లేడు. డాక్టర్లు కోమాలో ఉంచారు. గ్రోనెవెగెన్‌పై తొమ్మిది నెలల నిషేధం పడింది.

మరి కెరీర్ అయిపోయినట్టేనా? కాలేదు. 2021 వుయెల్టాలో మూడు స్టేజ్‌లు గెలిచి, పాయింట్ల పచ్చ జెర్సీ కూడా తీసుకున్నాడు. 2022 టూర్ డి ఫ్రాన్స్‌లో రెండో స్టేజ్ యాకబ్సన్ గెలిస్తే, మర్నాడే మూడోది గ్రోనెవెగెన్ గెలిచాడు. ఆ రోజు అక్కడితో ఆగిపోతుందనుకున్న రెండు కెరీర్లూ మళ్లీ ముందుకే సాగాయి.