పని బల్ల కింద చక్రాల బీరువా

మన ఇళ్ళలో పనిముట్లన్నీ ఒక్కచోట కనిపించేది ఏడాదికి ఒక్కసారే, మహర్నవమినాడు ఆయుధపూజ వేళ. ఆ పూట సుత్తి, రంపం, పట్టకారు, స్పానర్లు, ఆకురాళ్ళు అన్నీ శుభ్రంగా తుడిపించుకుని, కుంకుమబొట్లు పెట్టించుకుని పీటమీద బుద్ధిగా కూర్చుంటాయి. పండుగ వెళ్ళిన రెండోనాటికి పట్టకారు వంటింటి గూట్లోకీ, స్క్రూడ్రైవరు టీవీ వెనక్కీ, సుత్తి పక్కింటికీ చేరుకుంటాయి. తరువాత గోడకు ఒక్క మేకు కొట్టాలంటే ఇల్లంతా గాలించవలసిందే.

పోర్టికోలోనో, మేడమెట్ల కిందనో, పెరటి వరండాలోనో ఒక పనిబల్ల వేసుకున్న గృహస్థుల సంగతి కొంత నయం. కుర్చీ కాలు బిగించడం, సైకిలు బాగుచేయడం, పిల్లల బడిపనికి ఏదో బొమ్మ చేసిపెట్టడం, అన్నీ ఆ బల్లమీదే. అయితే బల్ల పైభాగం ఎంత ముచ్చటగా ఉంటుందో కిందిభాగం అంత అధ్వాన్నంగా ఉంటుంది. ఎండిపోయిన రంగుడబ్బాలు, పనిచేయని ఫ్యాను, తెగిన చెప్పులు అక్కడే కాపురం. ఆ జాగాలో చక్కగా అమరేది సొరుగుల ఇనుప బీరువా, అదీ చక్రాలమీద నడిచేది. కావలసినప్పుడు ముందుకు లాక్కోవచ్చు, పనయ్యాక లోపలికి తోసేయవచ్చు, వెనకాల చీపురు కూడా ఆడుతుంది.

ఈ చక్రాల బీరువాకు బాగా పేరు వచ్చింది అమెరికాలో. అక్కడ మోటారు మెకానిక్కు తన పనిముట్లను సాధారణంగా తానే కొనుక్కుంటాడు. కొలువు మారితే వాటిని వెంట తీసుకుపోవాలి గనుక తాళం, చక్రాలు రెండూ తప్పనిసరి. అక్కడి ఇళ్ళకు కారుషెడ్డు ఆనుకునే ఉంటుంది కాబట్టి బీరువా ఇళ్ళలోకీ వచ్చింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళ షెడ్లలోనూ ఇవి కనిపిస్తాయి. చిక్కేమిటంటే, బజారులో దొరికే వాటిలో చాలాభాగం బల్లతో సంబంధం లేకుండా విడిగా నిలబెట్టి వాడుకోవడానికి చేసినవి. చక్రాలతో కలిపి 33 అంగుళాలు, 35 అంగుళాలు, ఆపైన కూడా ఉంటాయి. అంగట్లో మిలమిల మెరిసే ఎర్రరంగు చూసి, పైసొరుగు లాగి చూసి, ముచ్చటపడి కొంటే, ఇంటికి తెచ్చాక అది బల్లకిందికి దూరదు. వరండాలో అడ్డంగా నిలబడుతుంది. ఇల్లాలు దానిమీద ఇస్త్రీ బట్టలు పెట్టడం మొదలుపెడుతుంది. ఆమె తప్పేమీ లేదు, జాగా ఉన్నచోట బట్టలు పెట్టింది, అంతే.

అందుకని సొరుగుల లెక్క తరువాత చూసుకుందాం. కొలత నేలనుంచి మొదలుపెట్టాలి. నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి వచ్చే ఎత్తు పనిబల్లకు అనువైనదని పాతలెక్క. అది 34 అంగుళాలనుకోండి. బల్లచెక్క మందం 2 అంగుళాలు. దానికింద కాళ్ళను కలిపే ముందుపట్టె 4 అంగుళాలు. కొలవడంలో చాలామంది మరిచిపోయేది ఈ పట్టెనే. పోగా మిగిలింది 28. పైన ఒక అంగుళం ఖాళీ ఉంటేగాని బీరువా రాసుకోకుండా కదలదు, కనుక 27. ఇక చక్రాలు. 4 అంగుళాల చక్రమంటే దాని ఇనుపపట్టీతో కలిపి సుమారు 5 అంగుళాల ఎత్తు తినేస్తుంది. చివరికి పెట్టెకు దక్కేది 22 అంగుళాలు. కొన్ని ధరలపట్టీలలో పెట్టె ఎత్తు మాత్రమే వేస్తారు, చక్రాల ఎత్తు విడిగా ఎక్కడో చిన్న అక్షరాలలో ఉంటుంది. “చక్రాలతో కలిపి ఎంత?” అని నోరువిప్పి అడగండి.

చిన్న చక్రాలు వేయించుకుంటే మరో అంగుళం మిగులుతుంది కదా అని మీరనవచ్చు. పాలరాయిలా నున్నని నేలైతే సరే. మన వరండాలలో షాబాదు బండలో, తాండూరు బండలో, బేతంచెర్ల రాళ్ళో పరిచి ఉంటాయి. ఆ బండల అతుకుల్లో 2 అంగుళాల చక్రం దిగబడిందంటే, నూరు కిలోల బీరువాను లాగబోయినవారి నడుము పట్టేస్తుంది. అటువంటి నేలమీద 4 అంగుళాలకు తగ్గకూడదు, 5 అయితే ఇంకా సుఖం. ఆ సుఖానికి మీరు చెల్లించే మూల్యం ఒక పలుచని సొరుగు. నా ఓటు మాత్రం పెద్ద చక్రానికే. కదలని చక్రాల బీరువాకంటే మామూలు బీరువా చవక.

చక్రాలలో రెండు స్థిరంగానూ, రెండు తిరిగేవిగానూ ఉండాలి. నాలుగూ తిరిగేవైతే సంతలో ఎద్దులా తనకు తోచినవైపు పోతుంది. గట్టి నైలాను చక్రం తేలికగా దొర్లుతుంది గాని, పలకల నేలమీద ఊరంతా వినబడేటంత చప్పుడు. మెత్తని రబ్బరు నిశ్శబ్దంగా ఉంటుంది గాని, నెలలతరబడి ఒకేచోట బరువుతో నిలిస్తే అడుగు చదునుపడుతుంది. పాలియురితేను పూత ఉన్న చక్రాలు మధ్యేమార్గం.

బ్రేకుల విషయంలో బేరం వద్దు. మన పోర్టికోలకు నీళ్ళు పోవడానికని గేటువైపు వాలు పెడతారు. కడిగేటప్పుడు ఆ వాలు ఎంత ఉపకారమో, చక్రాల బీరువాకు అంత అపకారం. తిరిగే చక్రాలు రెండింటికీ కాలితో నొక్కే బ్రేకు ఉండి తీరాలి. ఆ చక్రాలు ముందువైపు, అంటే సొరుగులవైపు ఉంటేనే కాలికి అందుతాయి. కొనేముందు మీ నేలమీద ఒక గోలీ వదిలి చూడండి. అది ఎటు పరుగెత్తితే బీరువా కూడా అటే.

ఇంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. 18 అంగుళాల లోతున్న బీరువా అనుకుందాం. ముందుచక్రాలు ముఖంనుంచి 2 అంగుళాలు లోపలికి ఉంటాయి. ఒక్కొక్కదానిలో 15 కిలోల సామాను ఉన్న పైసొరుగులు మూడింటిని 16 అంగుళాలు బయటికి లాగారు. ఆ 45 కిలోలు చక్రాలకు సగటున 10 అంగుళాలు ముందు వేలాడుతున్నాయి: 45 పదులు 450. వెనక్కి పట్టి ఉంచేది బీరువా సొంత బరువు 40, మిగిలిన సొరుగులలోని సామాను 20, మొత్తం 60 కిలోలు. అది చక్రాలకు 7 అంగుళాలు వెనక: 60 ఏడులు 420. ఊగుడుబల్ల లెక్కే ఇది. బీరువా ముందుకు వాలిపోతుంది. సొరుగులను మెట్లలా ఎక్కాలని చూసే మూడేళ్ళ మనవడు ఉన్న ఇంట్లో ఈ లెక్క కాగితంమీద లెక్క కాదు.

దీనికి విరుగుడు ఉన్నది. ఒక సొరుగు తెరిచి ఉండగా రెండోది తెరుచుకోకుండా పట్టివేసే ఏర్పాటు కొన్ని బీరువాలలో ఉంటుంది. అంగట్లోనే రెండు సొరుగులు ఒకేసారి లాగి చూడండి. రెండూ వచ్చేశాయంటే ఆ ఏర్పాటు లేదన్నమాట. అటువంటిదాన్ని కొనడమే జరిగితే, స్పానర్లు, మేకుల డబ్బాలు, డ్రిల్లు వంటి బరువులన్నీ అట్టడుగున పెట్టి, పైన ఆకురాళ్ళు, కొలబద్దలు, స్క్రూడ్రైవర్లు సర్దండి. సొరుగులన్నింటికీ కలిపి ఒక్క తాళం ఉండేది తీసుకుని, చెవి పిల్లలకు అందని మేకుకు తగిలించండి.

మూత పైకి లేచే రకం బల్లకింద పనికిరాదు, లేవడానికి చోటెక్కడిది? పక్కన పిడి ఉంటే అది మూడు నాలుగు అంగుళాల వెడల్పు తింటుంది. బల్లకు ముందువైపు వైసు బిగించి ఉన్నదా? దాని పిడి కిందికి వేలాడి సరిగ్గా పైసొరుగుకు అడ్డం పడుతుంది. బీరువాను వైసు లేని పక్కకు పెట్టుకోండి. అయిదడుగుల బల్లకింద 48 అంగుళాల బీరువా ఒక్కటి పెట్టడంకంటే 24 అంగుళాలవి రెండు మేలు. వెడల్పు సొరుగు బరువుకు నడుము వంచుతుంది. పైగా కూర్చుని చేసే పని వచ్చినప్పుడు ఒకటి అవతలికి తోసేసి స్టూలు వేసుకోవచ్చు.

రేకు మందాన్ని గేజీలలో చెబుతారు. అంకె పెరిగినకొద్దీ రేకు పలుచన. 18 గేజి సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి సుమారు 0.9. అంతకన్న పలుచనైతే చక్రాలు బిగించిన అడుగుభాగం నాలుగేళ్ళలో సొట్టపడుతుంది. అడుగు సొరుగును పూర్తిగా లాగి, అంచుమీద అరచేత్తో నొక్కండి. ఊగితే వదిలేయండి. బాల్ బేరింగు చానళ్ళు ఉన్నది పూర్తిగా బయటికి వస్తుంది, వెనక మూలన పడిన మరమేకు కూడా చేతికి అందుతుంది.

మీ బల్ల కొలత వింతగా ఉంటే తయారుసరుకు కోసం తిరగడం దండగ. సికింద్రాబాదు రాణీగంజిలోనో, మీ ఊరి ఇనుపసామాను అంగళ్ళలోనో చానళ్ళు, చక్రాలు కొనుక్కుని, స్టీలు బీరువాలు చేసేవారికి కాగితంమీద కొలతలు రాసిచ్చి చేయించుకోవచ్చు. వడ్రంగి చేత నీటికి ఆగే ప్లైవుడ్డుతో చేయించినా చాలా బాగుంటుంది. ఉలి అంచు చెక్కకు తగిలినా మొద్దుబారదు.

విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపుటూళ్ళలో ఉప్పుగాలికి పనిముట్లు తుప్పుపడతాయి. సొరుగులో పాతగుడ్డ పరిస్తే తేమ పీల్చి ఇంకా చెడగొడుతుంది. పలుచని రబ్బరుషీటు పరిచి, పనిముట్లకు నూనెచెయ్యి రాసి, మూలన రెండు కర్పూరం బిళ్ళలు వేయండి. కర్పూరం వేయడం పాతకాలపు పనివాళ్ళ అలవాటే. నెలకోసారి మార్చాలి, కరిగిపోతుంది గదా.

ఇన్నీ చూసి తెచ్చినా అంగుళం ఎత్తు ఎక్కువైందనుకోండి. చక్రాలు మార్చబోకండి. బల్ల నాలుగు కాళ్ళకింద అంగుళంన్నర టేకుదిమ్మెలు పెట్టి, కాలికి బిగించేయండి. దిమ్మెలకు అడుగున తారు పూస్తే చెద దరిచేరదు.