బంకులో ఫోన్ పేలదు సరే, రెంటచింతల ఎండలో బతుకుతుందా?

డిస్కవరీలో 2003లో మొదలైన 'మిత్‌బస్టర్స్' గుర్తుందిగా? ఆడమ్ శావేజ్, జేమీ హైనమన్ మొదటి సీజన్‌లోనే ఒక పెట్టెలో పెట్రోల్ ఆవిరి నింపి, లోపలున్న సెల్‌ఫోన్‌కి కాల్ చేశారు. ఏమీ కాలేదు. గాల్లో ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉండాలి, పైగా నిప్పురవ్వ పడాలి. ఫోన్ సిగ్నల్‌కి అంత సీన్ లేదు. బంకులో భయపడాల్సింది ఒంటి మీద పుట్టే స్టాటిక్ కరెంటుకే. మా నరసరావుపేటలో 'సెల్‌ఫోన్ వాడరాదు' బోర్డు పక్కనే యూపీఐ క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది, అదో కామెడీ!

ఆ షో వాళ్లు మా పల్నాడు వచ్చుంటే అసలు టెస్టు దొరికేది. రెంటచింతల అంటే ఆంధ్రాలో ఎండలకి పెట్టింది పేరు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం అక్కడ కొత్తేం కాదు. ఆపిల్ ఏమో ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమంటుంది. అంటే మాకు వేసవి పగళ్లన్నీ లిమిట్ బయటే!

వేడెక్కితే ఫోన్ ఛార్జింగ్ స్లో చేస్తుంది, బ్రైట్‌నెస్, ప్రాసెసర్ స్పీడ్ తగ్గిస్తుంది. చల్లబడితే ఇవన్నీ మామూలే. బ్యాటరీ అలా కాదు. లిథియం అయాన్ సెల్ వేడికి పోగొట్టుకున్న కెపాసిటీ మళ్లీ రాదు. ఏసీ రూమ్‌లో తీసిన బెంచ్‌మార్క్ స్కోరు, మిర్చి కల్లం దగ్గర నిలబడి వ్యాపారికి వీడియో కాల్‌లో సరుకు చూపించే రైతుకి ఏం చెబుతుంది?

ఫోన్ కాలిపోతుంటే ఛార్జర్ పీకి, కేస్ తీసి నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు బాస్, లోపల తేమ చేరుతుంది.